పంతులుగారింట్లో ప్లీడరీ చదువు

మా నాన్న పోయాక నా చదువు మెట్రిక్యులేషనుతో ఆగిపోయింది. బరంపురంలో టోకు బట్టల వ్యాపారం చేసే మా మేనమామ నన్ను తీసుకొచ్చి తన దుకాణంలో కూర్చోబెట్టుకున్నాడు. ప్లీడరు కావాలని నాకు కోరిక. దానికి మద్రాసు వెళ్లి పరీక్ష రాయాలి. ఆ మాట ఎవరితోనూ అనలేదు.

ఒకసారి పంచెలు ఇచ్చిరమ్మని మామయ్య నన్నొక వకీలుగారింటికి పంపాడు. ఊళ్లో అందరూ ఆయన్ని పంతులుగారనేవారు. నేను వెళ్లేసరికి వరండాలో కూర్చుని, ఒక దావా కాగితాన్ని ముక్కుకి ఆనించినంత దగ్గరగా పట్టుకున్నారు.

"ఇంగ్లీషు సదవడం వొచ్చా నాయనా?"

"వొచ్చండి."

"అయితే ఇది కాస్త సదివి పెట్టు."

చదివాను. నా ఉచ్చారణకి ఒకటి రెండు చోట్ల నవ్వారు కాని చివరిదాకా విన్నారు. ఆయన చూపు పోతోందని, కోర్టులో ఆ సంగతి ఇంకా ఎవరికీ తెలియదని నాకప్పుడే అర్థమయింది.

"సాయంత్రాలు రాగలవా? నువ్వు సదువు, నేను అర్థం సెప్తాను. ప్లీడరు పరీక్షకి కడుదువుగాని" అన్నారు.

నా కోరిక ఆయనకెలా తెలిసిందో ఇప్పటికీ నాకు తెలియదు.

మామయ్యకి చెప్పడానికి భయపడ్డాను. సాయంత్రమే మాకు బేరాలెక్కువ. చివరికి చెప్పేశాక మామయ్య గజంబద్ద పక్కనపెట్టాడు.

"దీపాలెట్టే ఏలకి ఎల్లిపో. కొట్టు నేను సూసుకుంటాను. మనింట్లో ఒక ప్లీడరుంటే సెడ్డా ఏటి?"

అలా మొదలైంది. సాక్ష్య చట్టం, ఒప్పందాల చట్టం, నేను ఒక్కొక్క సెక్షనే చదివేవాణ్ణి. పంతులుగారు కళ్లు మూసుకుని విని, గోపాలపురం పడవల తగాదాలు, సంతలో ఎడ్ల బేరాలు చెప్పి వాటి అర్థం విప్పేవారు. ఆయన భార్య, అమ్మగారు, మరమరాల్లో కొబ్బరి కోరి పెట్టేవారు. పగలంతా తానులు మోసిన చేతులతో ఆ పుస్తకాలు ముట్టుకోవడం నాకెంతో గౌరవంగా ఉండేది.

మద్రాసు వెళ్లి పరీక్ష రాశాను. తప్పాను.

ఆయనకి ముఖం చూపించలేక వెళ్లడం మానేశాను. కొన్నాళ్లకి, మంచి బేరాల వేళ, బజారంతా ఒక్కసారి సద్దుమణిగింది. తలెత్తి చూస్తే పంతులుగారు వస్తున్నారు. అమ్మగారు ఆయన చెయ్యి పట్టుకుని నడిపిస్తున్నారు. అందరూ చూస్తుండగా, నడిబజారులో, భార్యాభర్తలు చేతులు పట్టుకుని నడవడం మా ఊరు అంతకుముందు చూడలేదు. దాచుకున్న సంగతి అందరికీ తెలిసిపోతుందని తెలిసే ఆయన వచ్చారు.

మామయ్య లేచి అమ్మగారికి పీట వేశాడు.

"ఏటి నాయనా, రావడం మానీసేవు? పుస్తకం సగంలో ఆగిపోయింది. తరవాత ఏటుందో నాకు తెలియాలి కదా!" అన్నారు పంతులుగారు.

ఆ పుస్తకం ఆయనకి మొదటినుంచి చివరిదాకా కంఠతా వచ్చు. మామయ్యే జవాబిచ్చాడు.

"ఇయాళే ఒస్తాడండి. నేనే అంపిస్తాను."

రెండోసారి పరీక్ష నెగ్గాను. నా మొదటి కేసు పొడంపేట జాలరి ఒకతనిది, వల గురించి తగాదా. పంతులుగారు కోర్టులో వెనక బెంచీమీద కూర్చుని విన్నారు. కేసు గెలిచాం. బయటికొచ్చాక తడుముకుంటూ నా భుజం పట్టుకుని, "గొంతు వొణికింది గాని, మాట వొణకలేదు" అన్నారు.

ప్లీడరునయ్యాక కూడా సాయంత్రాలు ఆ వరండాకే వెళ్లేవాణ్ణి. చట్టాలు అయిపోయాయి కనక, మెయిలు రైల్లో వచ్చే మద్రాసు పత్రిక చదివేవాణ్ణి. ఒకనాడు చదువుతుంటే ఆయన వాలుకుర్చీలో నిద్రపోయారు. ఆపి లేవబోయాను.

"ఆపకు బాబూ," అన్నారు అమ్మగారు గుమ్మంలోంచి, మెల్లగా. "నీ గొంతు ఆగితే లేచిపోతారు."

మళ్లీ కూర్చుని ధాన్యం ధరలు చదవడం మొదలుపెట్టాను.