నలభై ఆరూ ఉన్నాయి, అయినా గర్భం నిలవలేదు

2022లో నేను మలేషియాలోని సైబర్‌జయ దగ్గర ఒక ఆసుపత్రిలో జెనెటిక్ కౌన్సెలర్‌ని. వంశపారంపర్య పరీక్షల రిపోర్టులు వచ్చాక వాటి అర్థమేమిటో కుటుంబాలకు విడమరచి చెప్పడం నా పని.

ఆ రోజు సుంగై సుమున్ అనే ఊరి నుంచి రమేష్, భార్య కవిత, తల్లి అప్పలనర్సమ్మ వచ్చారు. కవితకు మూడు గర్భాలు పోయాయి. భార్యాభర్తలిద్దరికీ కేరియోటైప్ చేయించాం. రక్తకణాల్లోని క్రోమోజోములను వరసగా పేర్చి చూసే పరీక్ష అది. కవితవి మామూలుగానే ఉన్నాయి. రమేష్‌లో రెండు క్రోమోజోముల ముక్కలు ఒకదాని చోట ఒకటి అతుక్కున్నాయి. దాన్ని బ్యాలెన్స్‌డ్ ట్రాన్స్‌లొకేషన్ అంటాం.

"మావోడికి ఏటి రోగం? జొరం కూడా రాదు. సరిగ్గా సూసినారా?" అంది అప్పలనర్సమ్మ.

రోగం కాదన్నాను. ఒంట్లోని కణాలు మైటోసిస్‌తో పెరుగుతాయి. నలభై ఆరు క్రోమోజోములకూ నకళ్లు తీసి, పుట్టే రెండు కణాలకూ మొత్తం సెట్టు ఇస్తాయి. ముక్కలు చోటు మారినా ఏదీ తగ్గలేదు కాబట్టి రమేష్ బాగున్నాడు. వీర్యకణాలు మాత్రం మియోసిస్‌తో తయారవుతాయి. జతలు విడిపోయి ఒక్కో కణానికి సగమే, ఇరవై మూడే వెళ్తాయి. ఆ పంపకంలో కొన్నింటికి ఒక ముక్క ఎక్కువ, ఇంకోటి తక్కువ పడుతుంది. అలాంటి పిండం చాలాసార్లు నిలవదు.

"నాను జిమ్‌కి పోతాను లా! ఇంకోపాలి టెస్ట్ సేయండి," అన్నాడు రమేష్, మలేషియావాళ్ల అలవాటుగా మాట చివర 'లా' తగిలిస్తూ.

రెండు రంగుల పెన్నులతో బొమ్మ గీసి మళ్లీ చెప్పాను.

"అయితే కవితకి టానిక్ రాయండి," అంది పెద్దావిడ.

కవిత తల ఎత్తలేదు. మూడోసారీ మొదటినుంచి చెప్పాను. "టానిక్ ఏది మంచిది?" అందావిడ. నా ఓపిక చచ్చింది.

"ఆంటీ, కవితకి ఏటీ లేదు! ఆ పిల్ల ఎన్ని టానిక్కులు తాగినా మీ అబ్బాయి క్రోమోజోములు మారవు!"

గొంతు పెంచానని నాకే తెలిసింది. అప్పలనర్సమ్మ బొమ్మ కాగితాన్ని తన ముందుకు లాక్కుని అడిగింది.

"ఇది వాడికి ఎవరి కాడినుంచి వచ్చినాది?"

"అమ్మ నుంచైనా, నాన్న నుంచైనా రావచ్చు. కొందరిలో కొత్తగానే వస్తాది."

"వీడికి ముందు నాకు రెండు పోయినాయి. మా అత్త నన్ను గొడ్డుదన్నాది." కోడలి వైపు తిరిగింది. "నానూ నిన్ను అదే మాట అన్నాను."

కవిత భోరుమంది.

"ఎప్పుడూ సెప్పలేదేటమ్మా?" అన్నాడు రమేష్.

"ఎవురడిగినార్రా?"

ఆవిడ రక్తం కూడా పంపాం. అదే ట్రాన్స్‌లొకేషన్.

కుటుంబంలో ఇంతకుముందు ఎవరికీ గర్భస్రావాలు లేవని మేమిచ్చిన ఫారంలో రాసింది రమేష్. నేను అది చదివి ఊరుకున్నాను. వినరేమని వాళ్ల మీద విసుక్కుంటూ మూడుసార్లు పాఠం చెప్పాను గానీ, ఎదురుగా కూర్చున్న ఆవిడను ఒక్క మాట అడగలేదు. ఇప్పుడు ముందు అడుగుతాను, ఆ తర్వాతే పెన్ను తీస్తాను.