బొట్టు పెట్టి అడిగిన ఓటు

హెండర్సన్‌లో కొమురమ్మ డైరీ తెలియని తెలుగువాళ్లు లేరు. వీధి చివర ఉండే కిరాణా కొట్టునే ఈ పరాయి దేశంలో డైరీ అంటారు. పదిహేనేళ్లుగా విమానం దిగి ఆ పేటకు వచ్చిన ప్రతి విద్యార్థికీ, ప్రతి కొత్త కాపురానికీ మొదటి పూట అన్నం ఆ కొట్టు వెనక గదిలోనే. అలాంటి మనిషి తెలంగాణ సంఘం అధ్యక్ష పదవికి నిలబడితే అదే నగరంలోని మౌంట్ ఆల్బర్ట్ పేట పెద్దమనుషులు నవ్వారు. ఇంగ్లిష్‌లో నాలుగు ముక్కలు మాట్లాడలేని ఆవిడకు అధ్యక్ష పదవేమిటని వాళ్ల ఎగతాళి. నవ్వితే నవ్వనీ అనుకుంది కొమురమ్మ.

సంఘం ఎన్నిక వారానికో పేటలో జరుగుతుంది. మొదటి వంతు హెండర్సన్‌ది. సొంత పేటలో ఓడితే పోటీ నుంచే తప్పుకుంటానని ఆమె ముందే చెప్పేసింది. దాంతో భర్త కిషన్‌రావుకు గుండెల్లో రాయి పడింది. ఎందుకంటే అవతలి అభ్యర్థి, మౌంట్ ఆల్బర్ట్‌లో ఉండే రామమోహన్ తరఫున ఆయన భార్య ఇంద్రజ కుంకుమ భరిణె పట్టుకుని హెండర్సన్‌లో గడపగడపా తిరిగింది. పెళ్లికి పిలిచినట్టు ఆడవాళ్లకు బొట్టు పెట్టి మరీ ఓటడిగింది. బొట్టు పెట్టించుకున్నాక కాదనడం మన ఇళ్లలో ఉందా? ఆఖరికి డైరీకి కూడా వచ్చి కొమురమ్మకే బొట్టు పెట్టింది. కొమురమ్మ చాయ్ ఇచ్చి సాగనంపింది. మన వాళ్లు మనల్ని మరిచిపోరులే అని మొగుడికి తనే ధైర్యం చెప్పింది.

ఆదివారం కమ్యూనిటీ హాల్లో ఓట్లు లెక్కపెట్టారు. కొమురమ్మకు నూట ముప్పై ఎనిమిది, రామమోహన్‌కు ఒకటి. బొట్టు పెట్టించుకున్న ఆడవాళ్లు కూడా ఆ మొదటి పూట అన్నాన్నే తలచుకున్నారన్నమాట. హాలు ఈలలతో దద్దరిల్లింది. కిషన్‌రావు మాత్రం ఆ ఒక్క ఓటు దగ్గరే ఆగిపోయాడు. మన చేతి అన్నం తిని ఇంత పని చేసిందెవరని అందరి మొహాలూ వెతకసాగాడు.

“నేనే ఏసిన,” అంది కొమురమ్మ. “ఇంటికొచ్చి బొట్టు వెట్టి అడిగింది. ఎట్ల కాదంట?”

నెత్తి కొట్టుకోవాలో ఆమెకు దండం పెట్టాలో కిషన్‌రావుకే కాదు, చుట్టూ ఉన్నవాళ్లకూ తోచలేదు. కొమురమ్మ నేరుగా మూలన నిలబడ్డ ఇంద్రజ దగ్గరికి వెళ్లి, ఆమె భరిణె అడిగి తీసుకుని, నుదుట నిండుగా బొట్టు పెట్టింది.

“వచ్చే ఆదివారం మీ మౌంట్ ఆల్బర్ట్‌ల ఓటింగ్ గద. నాకు ఓటెయ్యి బిడ్డా.”

రామమోహన్ కంగారుగా భార్య వైపు చూశాడు. ఇంద్రజ ఒకసారి నుదురు తడుముకుంది.

“సరే ఆంటీ,” అంది.