ఎదుటి పక్షం కొమురెల్లి

కొమురెల్లికి ఉన్న గుణం ఒక్కటే. ఎవరితో వాదనకు దిగినా సగంలో లేచి, ఎదుటివాళ్ల పక్కకు పోయి నిలబడి, తన మాటను తానే కొట్టేస్తాడు. నోరొక్కటే కాదు, కాళ్లు కూడా కదలాలి. చోటు మారితే తప్ప అతనికి అవతలి మాట తోచదు.

తార్నాక దగ్గరి యూనివర్సిటీలో అతను చదివేది లా, బిజినెస్ కలిపిన కోర్సు. ఉండేది లాలాగూడలో, పెద్దనాయిన వెంకటస్వామి ఇంట్లో. వెంకటస్వామి సామాన్యుడు కాడు. వాగు దాటి పల్లె బడికి పోయి ఏడో తరగతి దాకా చదివాడు. జెండా పండుగనాడు కాగితం చూడకుండా ఉపన్యాసం దంచి ఇత్తడి చెంబు గెలిచాడు. రైల్వే వర్క్‌షాపులో ఆయన బిగించిన బోల్టు ఇంతవరకు వదులు కాలేదు. ఇవి తెలియనివాడు లాలాగూడలో ఉన్నాడంటే కొత్తగా అద్దెకు దిగినవాడే. ఇప్పుడు ఆ ఘనతల వరుసలో తమ్ముడి కొడుకు కూడా చేరాడు.

"మావోడు లాయరు, మేనేజరు, రెండూ ఒక్కపారే అయితడు" అనేవాడు వెంకటస్వామి.

"ముందుగాల అన్నం తినుడు అయితే చాలు" అనేది పెద్దమ్మ. ఆమె బాధ ఆమెది. ఒకనాడు కొమురెల్లి ముద్ద నోట్లో పెట్టుకుని, "పెద్దమ్మా, ఉప్పు జర ఎక్కువైంది" అన్నాడు. అని ఊరుకున్నాడా? కంచం పట్టుకుని లేచి పొయ్యి పక్కకు పోయి నిలబడ్డాడు. "పొద్దటి సంది కరెంటు లేదు, చీకట్ల వండింది. సగం కూర తిన్నంక ఇప్పుడు నోరు లేస్తున్నదా?" అని తను లేచి వచ్చిన పీటను గద్దించాడు.

పెద్దమ్మ ఖాళీ పీట వంక జాలిగా చూసింది. "పోనీ తియ్, పిలగాడు ఏదో అన్నడు" అంది.

కాలేజీలో శశిభూషణ్ సారు బేరసారాల పాఠం చెబుతూ కొమురెల్లిని అమ్మేవాడిగా కూర్చోబెట్టాడు. కాసేపటికి కొమురెల్లి కొనేవాళ్ల బల్ల దగ్గర ఉన్నాడు. "నీ కంపెనీ మూతపడ్డది, తెలుసా?" అన్నాడు సారు. "తెలుసు సార్. కొన్నోళ్లు మాత్రం ఖుషీగ ఉన్నరు" అన్నాడు కొమురెల్లి.

ఇక ఆటో సంగతి. తార్నాకలో నాగేష్ అనే డ్రైవర్ లాలాగూడకు కిరాయి ఒక మాట చెప్పాడు. కొమురెల్లి అందులో సగం అన్నాడు. అని, ముందు సీట్లోకి పోయి డ్రైవర్ పక్కన ఇరుక్కుని గ్యాస్ ధర, గుంతల రోడ్డు, పిల్లల స్కూలు ఫీజు ఏకరువు పెట్టాడు. చివరికి నాగేష్ అడిగినదానికంటే ఎక్కువకే బేరం కుదిరింది. నాగేష్ మొహమాటపడిపోయాడు.

"అన్నా, నా తరఫున మస్తు చెప్పినవ్. మరి నీ తరఫున ఎవరన్న ఉన్నరా?"

కొమురెల్లి లాలాగూడ వచ్చేదాకా ఆలోచించాడు. దిగి, కుదిరినంతా లెక్కబెట్టి ఇచ్చాడు.

ఎండాకాలంలో కాలేజీ నమూనా కోర్టు పోటీ పెట్టింది. గెలిచినవాళ్లకు పేరున్న లాయరు ఆఫీసులో శిక్షణ. కొమురెల్లి ఫైనల్‌కు వచ్చాడు. వెంకటస్వామి అప్పుడే గెలుపు వార్త కూడా లాలాగూడంతా చెప్పేశాడు.

వ్యాజ్యం మామిడితోటది. పచ్చళ్ల కంపెనీ ఒకటి చెట్ల మీది కాపును గుత్తకు పట్టింది. కోయకముందే వడగళ్లు పడి కాయంతా రాలింది. నష్టం ఎవరిది? కొమురెల్లి కంపెనీ తరఫు. అతని క్లాసులోనే చదివే గోల్నాక అమ్మాయి అమల రైతు తరఫు.

ఆ సాయంత్రాలు పోటీకి సాధన కోసం కొమురెల్లి, పెద్దనాయిన క్యాంపస్‌లో నడకకు పోయేవారు. ఆర్ట్స్ కాలేజీ రాతిగోడల మీద ఎండ గులాబీరంగుకు తిరిగేది. ఎక్కడో నెమలి అరిచేది. తురాయి పూలు రాలి రోడ్డు కనిపించేది కాదు. ఆ ఎర్రటి మసకలో ఒక చెట్టు కంపెనీ, రోడ్డుకు అవతలి చెట్టు రైతు. కొమురెల్లి ఈ చెట్టు నుంచి ఆ చెట్టుకు నీళ్లలో నడిచినట్టు మెల్లగా తేలిపోయేవాడు. వెంకటస్వామికి తను మేలుకుని ఉన్నాడో, వాగు ఒడ్డున బడి ఎగ్గొట్టి నిద్రపోతున్నాడో తెలిసేది కాదు.

"తోట అప్పటికే కంపెనీ చేతికొచ్చింది. కావలి మనిషిని పెట్టింది కంపెనీయే. నష్టం కంపెనీదే" అనేవాడు కొమురెల్లి రైతు చెట్టు కింద. రోజూ అదే మాట, పొల్లుపోకుండా.

పోటీనాడు వెంకటస్వామి ఇస్త్రీ చొక్కా తొడిగి ముందు వరసలో కూర్చున్నాడు. కొమురెల్లి కంపెనీ తరఫున ధాటిగా మాట్లాడాడు. తర్వాత అమల లేచింది. నోరు తెరిచింది. మాట రాలేదు. నీళ్లు తాగింది. అయినా రాలేదు. వెనక ఎవరో కిసుక్కుమన్నారు.

అప్పుడు కొమురెల్లి లేచాడు. "వద్దురా బిడ్డా" అని వెంకటస్వామి గొణిగేలోపే పోయి అమల పక్కన నిలబడ్డాడు. "వడగళ్లు పడ్డప్పుడు తోట ఇంకా రైతు చేతిలనే ఉండె" అన్నాడు.

"తప్పు" అంది అమల చటుక్కున. "తోట అప్పటికే కంపెనీకి అప్పజెప్పిన్రు. కావలి మనిషిని పెట్టింది కంపెనీ. నువ్వు పో, పోయి నీ జాగల నిలవడు."

హాలంతా నవ్వింది. అమల నవ్వలేదు, ఆగనూ లేదు.

"మీరు ఎవరి తరఫు?" అని న్యాయమూర్తి కుర్చీలోని మేడం కొమురెల్లిని అడిగింది.

"కంపెనీ తరఫే మేడం. కాళ్లకు అలవాటైంది" అన్నాడు. మార్కులు కోసేశారు. అమల గెలిచింది.

తార్నాక దాకా వెంకటస్వామి ముందు నడిచాడు. సిగ్నల్ దగ్గర ఆగాడు.

"చెట్టు కింద రోజూ సక్కగ చెప్పినవ్. ఆడికి పోంగనే తప్పు ఎట్ల వచ్చె?"

కొమురెల్లి చొక్కా మీది తురాయి రేకు తీసి చూసుకుంటున్నాడు. "అమల ముంగట తప్పు చెప్తే ఊకోదు, పెద్దనాయినా. క్లాసుల సారును గూడ ఆపుతది."

 అంతలో నాగేష్ ఆటో వచ్చి ఆగింది. అతను లాలాగూడకు కిరాయి ఒక మాట చెప్పాడు. కొమురెల్లి కాళ్లు ముందు సీటు వైపు కదిలాయి.

వెంకటస్వామి వెనకనుంచి చొక్కా పట్టి గుంజి కూర్చోబెట్టాడు. "వీని తరఫున నేనున్న" అని నాగేష్‌తో మొదలుపెట్టాడు. వాగు, ఇత్తడి చెంబు, బోల్టు, అన్నీ వరసగా వచ్చాయి. బోల్టు దగ్గరికి వచ్చేసరికి నాగేష్ చేతులెత్తేసి అన్నదాంట్లో సగానికి ఒప్పుకున్నాడు.

ఆటో బయలుదేరింది. బ్రిడ్జి మీద గాలి చల్లగా తగిలింది. కొమురెల్లి కునుకు తీశాడు. వెంకటస్వామి నాగేష్ మాసిన కాలరును కాసేపు చూశాడు.

"ఆపు జర" అన్నాడు. ఆటో ఆగింది. ఆయన మెల్లగా దిగి, ముందుకు పోయి, డ్రైవర్ పక్కన ఇరుక్కుని కూర్చున్నాడు.