మిల్లులో తీసిన ఎక్స్‌రేలు

ఉదయం ఏడుంబావుకు మా మరిది మా వాకిట్లో బండి ఆపి రెండుసార్లు దగ్గాడు. మూడోసారి దగ్గు వస్తుంటే ఆపుకున్నాడు. నేను వంటింటి కిటికీలోంచి చూస్తున్నానని అతనికి తెలియదు. దగ్గు వచ్చిన మనిషి దగ్గుతాడు. ఆపుకోవలసిన అవసరం ఏముంది? నాకు అక్కడే అనుమానం వచ్చింది.

అప్పటికి నా భర్త పోయి నాలుగు నెలలు. ఆయన కూడా మొదట్లో అలాగే ఆపుకునేవాడు.

"చాయ్ తాగుతవా?" అని అడిగాను.

"వద్దు వదినె, షిఫ్టుకు టైమైతాంది. అవ్వ పప్పు పంపింది" అని తల్లి పంపిన గిన్నె గట్టు మీద పెట్టాడు.

"దగ్గు ఎన్ని రోజులసంది?"

"దగ్గా? తొవ్వల దుమ్ము గద."

రాత్రంతా వాన పడి తెల్లవారిన రోజు అది. రోడ్డు మీద దుమ్ము లేదు.

మాది దేవరకొండ నుంచి పడమరకు, పాలమూరు వైపు పోయే దారిలో ఒక మండల కేంద్రం. నేను అక్కడి గ్రంథాలయంలో పని చేస్తాను. ఊరికి కొద్ది దూరంలో పలుగురాళ్ల మిల్లు ఉంది. తెల్లరాయిని పగలగొట్టి, పిండి చేసి, జల్లెడ పట్టి, బస్తాలకెత్తి అద్దాలు, టైల్సు చేసే ఫ్యాక్టరీలకు పంపుతారు. నా భర్త అందులో పన్నెండేళ్లు చేశాడు. మరిది చేరి అప్పటికి ఎనిమిదేళ్లు. వాళ్ల తండ్రి జీవితమంతా ఇతరుల పొలాల్లో కూలి చేసిన మనిషి. కొడుకులిద్దరూ నెలజీతం మీద, షిఫ్టు ప్రకారం పనికి పోతుంటే ఆ ఇంట్లో అది గౌరవంగా ఉండేది. నాకూ గౌరవంగానే ఉండేది.

షిఫ్టు దిగేటప్పుడు మేస్త్రీ ఒక్కొక్కరి చేతిలో బెల్లం ముక్క పెట్టేవాడు. బెల్లం తింటే ఛాతీలోకి పోయిన పిండి కడుపులోకి జారి బయటికి పోతుందని మిల్లులో అందరి నమ్మకం. నా భర్త నమ్మాడు. రోజంతా పుస్తకాల మధ్య కూర్చునేదాన్ని, నేనూ నమ్మాను. ఆ సంగతి ఇప్పుడు ఎవరితోనూ చెప్పను, ఇక్కడ రాస్తున్నాను.

ఆయనకు ఆయాసం మొదలైనప్పుడు ముందు జలుబన్నారు. తర్వాత టీబీ కావచ్చని ఆరు నెలలు మాత్రలు మింగించారు. తెమడ పరీక్షలో టీబీ ఏనాడూ కనపడలేదు, మాత్రలు మాత్రం ఆగలేదు. చివరికి హైదరాబాదులో ఒక ఛాతీ డాక్టరు "ఏం పని చేస్తవు?" అని అడిగాడు. అంతకుముందు చూసిన వాళ్లెవరూ ఆ మాట అడగలేదు. చెప్పగానే ఫిల్మును వెలుతురు పెట్టె మీద పెట్టి, రాతి దుమ్ము లోపల గట్టిపడిందని, ఇక బయటికి రాదని చెప్పాడు. "దీనికి మందు లేదు. మొదట్లోనే కనిపెట్టి ఆ దుమ్ములోంచి తప్పిస్తే మనిషి నిలుస్తాడు. ఆలస్యమైంది" అన్నాడు. తర్వాత ఎడమ మెడఎముక మీద వేలు పెట్టి "ఇదెప్పుడు విరిగింది?" అన్నాడు.

"చిన్నప్పుడు సార్. చింతచెట్టు మీదికెల్లి పడ్డ" అని ఆయన నవ్వాడు.

ఆ ఎముక వంకరగా అతికింది. మధ్యలో చిన్న మెట్టులాగా లేచి ఉంటుంది. ఆయన చొక్కా విప్పినప్పుడు నేను రోజూ చూసినదే. ఫిల్ములో చూడటం మాత్రం అదే మొదటిసారి.

రాష్ట్రం వచ్చిన మరుసటి ఏడు మిల్లు గేటు దగ్గర భద్రత గురించి ఒక పెద్ద బోర్డు పెట్టారు. పాలసీ అని ఒక కాగితం అచ్చు వేయించి అందరితో సంతకాలు తీసుకున్నారు. చదివి చెప్పమని ఆయన దాన్ని ఇంటికి తెచ్చాడు. కార్మికుడు ముక్కుకు గుడ్డ కట్టుకోవాలి. కార్మికుడు ఇబ్బంది ఉంటే వెంటనే చెప్పాలి. కార్మికుడు ఏటా వైద్య పరీక్షకు హాజరు కావాలి. ఏటా పరీక్ష అన్న మాట చూసి నేను సంతోషించాను, మంచి కాగితం అన్నాను. ఆయన పోయాక అదే కాగితం మళ్లీ చదివాను. ప్రతి వాక్యమూ కార్మికుడితోనే మొదలవుతుంది. దుమ్మును ఎలా తగ్గిస్తారో ఒక్క వాక్యం లేదు.

మరిది దగ్గు విన్నాక వచ్చిన ఆదివారం, చర్చిలో ప్రార్థన అయిపోయాక అత్తమ్మ ఇంటికి పోయాను. ఆమె చిన్న కొడుకు దగ్గరే ఉంటుంది. నీ ఛాతీ ఎక్స్‌రే చూపించమని మరిదిని అడిగాను. ఏటా మిల్లు దగ్గరికి వ్యాను వచ్చి ఎక్స్‌రేలు తీసేది. తర్వాత ఎవరి ఫిల్ము వాళ్లకు కవర్లో పెట్టి ఇచ్చేవాళ్లు.

"నాది నార్మలొచ్చింది వదినె."

"నార్మలే చూస్త."

"ఎక్కడ వెట్టిన్నో ఏమో."

"సందుగల ఉంది గదరా" అని అత్తమ్మ లేచి పెట్టె తెరిచి తెచ్చింది. అతను తల్లి వైపు చూసిన చూపు నాకు నచ్చలేదు.

కవరు మీద మరిది పేరు, మూడేళ్ల కిందటి తేదీ, నార్మల్ అన్న ముద్ర ఉన్నాయి. ఫిల్ము తీసి కిటికీకి ఎదురుగా పట్టుకున్నాను. ఎడమ మెడఎముక మధ్యలో మెట్టు ఉంది.

చాలాసేపు చూశాను. మరిది ఏనాడూ చెట్టు మీది నుంచి పడలేదు. అది నా భర్త ఛాతీ.

మిల్లువాళ్లు మార్చారని మొదట అనుకున్నాను. బాగున్న మనిషి ఫిల్ము ఒకటి తీసుకుని అందరి పేర్లూ రాసి ఉంటారని, అందుకే అందరివీ నార్మలని అనుకున్నాను. మరిదితో ఆ మాటే అన్నాను. అతను "ఇడిసిపెట్టు వదినె" అన్నాడు. ఆ రోజు నుంచి అతని మీద కూడా అనుమానం పట్టుకుంది.

ఆ వారం సాయంత్రాలు నా భర్తతో కలిసి పని చేసిన వాళ్ల ఇళ్లకు పోయాను. ఒకరు కవరు పోయిందన్నారు. ఇంకొకరు తలుపు సగమే తీశారు. రెండిళ్లలో చూపించారు. రెంటిలోనూ అదే ఎముక, అదే మెట్టు. చూపించిన వాళ్లు నేను ఫిల్ము చూస్తున్నంతసేపూ నేల చూశారు.

ఐదో ఇంట్లో ఒక పెద్దామె ఉంది. ఆమె కూడా మిల్లులో రాళ్లు ఏరిన మనిషే. ఇప్పుడు ఆమె కొడుకు ఆ పనికి పోతున్నాడు. నేను వాకిట్లో కాలు పెట్టకముందే అడిగింది.

"ఏందే పిల్లా, ఇల్లిల్లు తిరిగి బొక్కలు ఏరుతున్నవట?"

"నీ కొడుకు ఎక్స్‌రే ఒకసారి చూస్త పెద్దమ్మా."

"ఏం జూస్తవ్. అది నా కొడుకుది గాదు, నీ పెనిమిటిది. కూసో."

కూర్చున్నాను. ఆమె చాట పక్కన పెట్టి చెప్పింది. వ్యాను వచ్చిన మొదటి ఏడు ఒకతనికి మచ్చ కనపడిందన్నారు. అతన్ని గేటు దగ్గర కూర్చోబెట్టారు. రెండు నెలలకు రావద్దన్నారు. మరుసటి ఏడు వ్యాను వస్తుందంటే దగ్గున్న వాళ్లందరికీ భయం పట్టుకుంది.

"గప్పుడు మీ ఆయన ఛాతీ మంచిగ ఉండె. నేను నిలవడుత తియ్యిరా అన్నడు. పేరు పిలుస్తరు, పోయి నిలవడుడే. మళ్ల ఇంకో పేరు పిలుస్తరు, మళ్ల పోవుడే."

"ఎవ్వలు గుర్తువట్టలేదా?"

"ఎట్ల గుర్తువడ్తరే? పనిలకెల్లి సీదా పోతరు. అందరు పిండిల పొర్లిన కోళ్ల లెక్క ఉంటరు. కన్నతల్లి గూడ గుర్తువట్టది."

"ఎందరికి నిలవడ్డడు?"

"ఏడుగురికో ఎనిమిదిమందికో. ఆడోళ్లకు గూడ నిలవడేటోడే, మీసాలు అడ్డమొచ్చినయ్."

ఆమె నవ్వింది. నాకూ నవ్వు వచ్చింది. ఆయన అలాంటి పని చేసే మనిషే. తర్వాత ఆమె గొంతు తగ్గించి అంది.

"ఆఖరేడు మాత్రం నిలవడనన్నడు. నా ఛాతీ ఇగ పనికిరాదు, ఇంకోన్ని చూస్కోన్రి అన్నడట. అప్పటిసంది ఇంకొకడు నిలవడుతుండు."

ఆయన అలా అన్న ఏడు వ్యాను వచ్చింది ఎండాకాలంలో. ఆయాసంగా ఉందని ఆయన నాతో మొదటిసారి అన్నది దసరా తర్వాత. మధ్యలో అన్ని నెలలు ఆయనకు తెలుసు, స్నేహితులకు తెలుసు. ఒకే ఇంట్లో ఉన్న నాకు తెలియలేదు. ఇంటికి నడిచి వస్తూ ఆ నెలలు వేళ్ల మీద లెక్కపెట్టుకున్నాను. మిల్లు మీద పెట్టుకున్న అనుమానం తప్పయిందని సిగ్గుపడాలో లేదో తేలలేదు. ఏడెనిమిది పేర్ల మీద ఒకే విరిగిన ఎముక కనపడుతుంటే, నార్మల్ అని ముద్ర కొట్టిన మనిషి చూడలేదా, చూసీ ఊరుకున్నాడా? ఇప్పటికీ నాకు తెలియదు.

ఆ క్షణంలో అంతకంటే పెద్ద సంగతి ఇంకొకటి ఉంది. ఎనిమిదేళ్లుగా ఆ పిండిలో పని చేస్తున్న మరిది ఛాతీని ఇంతవరకు ఎవరూ చూడలేదు.

దవాఖానకు పోయి ఎక్స్‌రే తీయించుకుందామంటే అతను ఒప్పుకోలేదు.

"మచ్చ వస్తే బయటికి పంపుతరు. నాకేమొచ్చు వదినె, బస్తా వట్టుడు తప్ప?"

"రాకపోతే ఫికర్ లేదు గద."

"వస్తదని నీకు తెల్సు. అందుకే తీస్కపోతనంటున్నవ్."

నేను అబద్ధం చెప్పలేదు. "అవు, వస్తదనే అనుకుంటున్న" అన్నాను.

అతను కోపంగా అన్నాడు: "అన్న మంచి జేసిండు. నువ్వు అన్నను దొంగను జేస్తున్నవ్."

అంతసేపూ బియ్యంలో రాళ్లు ఏరుతున్న అత్తమ్మ తల ఎత్తలేదు. "పోయి చూపిచ్చుకో బిడ్డా" అంది. "ఒక్కన్ని బొందవెట్టిన. ఇంకొకన్ని వెట్టలేను."

మరుసటి రోజు జిల్లా దవాఖానకు పోయాము. అతను ఎక్స్‌రే గదిలోకి పోవడం, అతనే బయటికి రావడం నేను గుమ్మానికి ఎదురుగా కూర్చుని చూశాను. ఫిల్ము చేతికి రాగానే ముందు మెడఎముకలు చూశాను.

"గిది నాదేనా?" అన్నాడు.

"నీదే. బొక్కలు సక్కగున్నయ్."

డాక్టరు చూసి, పై భాగంలో రెండు వైపులా సన్నని చుక్కలున్నాయని, ఇప్పుడే మొదలైందని చెప్పాడు. ఇవి పోవు, కానీ రేపటి నుంచి ఆ పనికి పోకపోతే పెరగకుండా ఉండే అవకాశం ఉందన్నాడు. మరిది తల ఊపాడు. బస్సులో వచ్చేటప్పుడు, దిగే ముందు "అన్న నాకు నిలవడకపోతే మూడేండ్ల కిందనే తెలుస్తుండె గద" అన్నాడు. మూడేళ్ల కింద మచ్చ ఉండేదో లేదో ఎవరు చెప్పగలరు?

తర్వాత మిల్లు ఆఫీసుకు పోయాను. భద్రత చూసే అధికారి చిన్న వయసువాడు, మర్యాదస్తుడు. కుర్చీ వేయించాడు. అంత మర్యాద ఎందుకో అని చూస్తూ కూర్చున్నాను. చెప్పిందంతా విని, "పాలసీలో లోపం లేదమ్మా. మోసం చేసింది కార్మికులే" అన్నాడు.

"మచ్చ వచ్చినవాణ్ని ఏం చెయ్యాలని రాశారు పాలసీలో?"

అతను కాగితాలు తిరగేశాడు. మొదటి నుంచి చివరి వరకు చూసి మళ్లీ మొదటికి వచ్చాడు. ఆ సంగతి అందులో లేదని నాకు ముందే తెలుసు. జబ్బు పట్టిన మనిషిని వెతికే పద్ధతి ఉంది, దొరికాక ఏం చేయాలో లేదు. వెతకడమంటే తీసేయడమని కార్మికులు అర్థం చేసుకున్నారు. వాళ్లు తప్పుగా అర్థం చేసుకోలేదు.

జిల్లాలో ఫ్యాక్టరీలు తనిఖీ చేసే అధికారికి దరఖాస్తు రాశాను. రుజువుగా కవర్లు కావాలి. కవర్లు ఇస్తే మోసం చేశామని ఒప్పుకున్నట్టేనని ఆ ఇళ్లవాళ్ల భయం. నేను బలవంతపెట్టలేదు. నా దగ్గర మరిది పాత ఫిల్ము, కొత్త ఫిల్ము ఉన్నాయి. వారం తర్వాత ఆ పెద్దామె తన కొడుకు కవరు కొంగు కింద పెట్టుకుని గ్రంథాలయానికి వచ్చి, పత్రికల బల్ల మీద పెట్టి పోయింది.

తనిఖీకి వచ్చారు. కొన్ని నెలలు పట్టింది. మచ్చ వచ్చినవాణ్ని పనిలోంచి తీయకూడదని, అదే జీతంతో దుమ్ము లేని పనికి మార్చాలని ఇప్పుడు పాలసీలో రాశారు. రాయి పగిలే చోట నీళ్ల పైపులు పెట్టారు. బస్తా నింపే మూతి చుట్టూ రేకు కట్టారు. ఆ పైపుల్లో రోజూ నీళ్లు వస్తున్నాయా, తనిఖీ జీపు వచ్చిన రోజేనా అని మిల్లు నుంచి వచ్చేవాళ్లను ఇప్పటికీ అడుగుతుంటాను. వస్తున్నాయనే అంటారు. తడిసిన చెప్పులు చూస్తే తప్ప నమ్మను.

మరిది ఇప్పుడు బడిపిల్లల ఆటో నడుపుతున్నాడు. ఆరు నెలలకోసారి నేనే దవాఖానకు తీసుకుపోతాను. చుక్కలు పెరగలేదన్నారు. ఆ మాట కూడా నేను వెలుతురుకు పట్టి చూసుకున్నాకే ఇంటికి తెస్తాను.

వ్యాను ఏటా వస్తూనే ఉంది. షిఫ్టుకు ముందే, ముఖం కడుక్కుని, గుర్తింపు కార్డు పట్టుకుని రమ్మంటున్నారు. కిందటేడు ముగ్గురికి మచ్చలు కనపడ్డాయి. ముగ్గురూ మిల్లులోనే, పిండికి దూరంగా పని చేస్తున్నారు. ఆ మిల్లులో ఇప్పుడు ఒకరి పేరు మీద ఇంకొకరు ఎక్స్‌రేకు నిలబడరు.