అత్త కంటికి నా ఏలు

టీలో పంచదార వెయ్యకొదినా. వద్దంటే వద్దంతే. ఎందుకో సెప్తాను, ముందు కాసేపు కూకోనీ. మొన్న ఇజీనారం ఆస్పత్రిలో తిరిగిన తిరుగుడికి కాళ్ళు ఇంకా పీకేస్తన్నాయి.

మా అత్తకి కంట్లో శుక్లాలని నీకు తెలుసు కదా. మనిషికి అన్నీ మసకే. ఓరోజు పప్పులో ఉప్పనుకోని బట్టల సోడా ఏసీసినాది. ఎలాగో ఆపరేషనుకి డేటు దొరికింది. ఇది తప్పిపోతే మళ్ళీ ఎప్పుడిస్తారో తెల్దు.

అంతకుముందు సుగరు సూపించుకోవాలన్నారు. మన ఊరికి బండిలో వచ్చే ఫ్యామిలీ డాక్టరు దగ్గర సూపించుకుంటే సాలంట, అది ఆస్పత్రి కంప్యూటర్లోకి దానంతటదే ఎల్లిపోతాదంట. సరే అని అత్తని తీసుకెల్లినాను. ఎదురుగా మనిషి కనపడదు గాని, సూది మాత్రం కనపడింది. సేతులు రెండూ కొంగులో దాసీసినాది.

"సంపినా ఇయ్యను పో" అంటాది.

ఎనకాల లైను. ఇంటికాడ అన్నం కూడా ఒండలేదు. నర్సమ్మ ట్యాబులోంచి తలెత్తకుండానే అత్త పేరు సదివి "అప్పలనర్సమ్మ, అరవై నాలుగేళ్ళు, బేగి ఏలెట్టండి" అంది. నాకు ఓపిక అయిపోనాది. నాకూ సుగరు లేదు, అత్తకీ లేదు, ఎవరి ఏలైతే ఏటిలే అని నా ఏలు ఎట్టీసినాను. పని అయ్యాక నర్సమ్మ తలెత్తి నా మొహం సూసింది. నాకు నలభై రెండు. అయినా ఏటీ అనలేదు. ఆ బాధ నాకింకా పోలేదు ఒదినా.

మొన్న పొద్దున్నే చీపురుపల్లిలో రైలెక్కి ఎల్లినాం. అక్కడ డాక్టరు బాబు కంప్యూటరు సూసి మొహం మాడ్సుకున్నాడు.

"మీ ఊరి డాక్టరు దగ్గర చూసింది ఇక్కడ కనపడుతోందమ్మా. షుగరు చాలా ఎక్కువుంది. ఇలాగైతే ఆపరేషన్ కుదరదు. తగ్గించుకుని రండి."

ఆ సోడా పప్పు కళ్ళ ముందుకొచ్చింది. "మిషను తప్పు సూపించుంటాది బాబూ, మరోపాలి సూడండి" అని బతిమాలినాను. ఇసుక్కుంటూనే సూడమన్నాడు. ఈపాలి అత్త సెయ్యి నానే గట్టిగా పట్టుకున్నాను. సూస్తే సుగరు ఉండాల్సినంతే ఉన్నాది. ఆయన ఆ కాగితం ఓసారి, కంప్యూటరు ఓసారి సూసి, "మరి ఈ షుగరు ఎవరిదమ్మా?" అన్నాడు.

నాను గబగబా సంచీ సర్దీసుకున్నాను. అత్త ఊరుకుంటాదేటి?

"అది మా కోడలిది బాబూ. నా బదులు అదే ఏలెట్టినాది. మంచి గుంట, ఎంత పనైనా నా బదులు అదే సేస్తాది."

డాక్టరు నా వైపు తిరిగి, "ఏదమ్మా, మీ వేలు ఇటివ్వండి" అన్నాడు. ఈపాలి సేతులు కొంగులో దాసుకున్నది నాను.

దాసుకుంటే ఒదుల్తారేటి. ఊళ్ళో సూపించిందే అక్కడా సూపించింది. ఒకరి రక్తం ఒకరి పేరున రాయిస్తే ప్రాణం మీదకొస్తుందని ఆయన తిట్టిన తిట్లకి తలొంచుకుని నిలబడ్డాను. అక్కడ ఆ సుగరు నా పేరుకి మార్పించుకోని, ఊళ్ళో నర్సమ్మకి ఫోను సేయించి అక్కడా మార్పించుకోని, అత్తకి ఆపరేషను అయ్యేసరికి సాయంత్రం అయిపోనాది. అత్త కంటికి కట్టుతో, నాను సుగరు మాత్రల సంచీతో రైల్లో ఇంటికొచ్చినాం.

నిన్న కట్టు ఇప్పీసినారు. ఇప్పుడు అత్తకి సుబ్బరంగా కనపడతన్నాదంట. నాకూ సంతోషమేలే, ఆ కన్ను కోసమే కదా ఇంత తిరిగినాను.

ఈ పొద్దున్న వంటింట్లో సప్పుడు కాకుండా బెల్లం డబ్బా మూత తీసినానొదినా. వీధరుగు మీంచి అత్త కేకేసినాది.

"ఒసే, అది అక్కడెట్టు. నాకు కనపడతన్నాది."