గడ్డకట్టిన లపీర్ పొలంలో రెండు పాత నాణేలు

అమెరికాలో ట్రాయ్ అనే ఊళ్లో ఉన్న మా అమ్మాయి శిరీష ఇంటికి వచ్చి నాలుగు నెలలైంది. బాపట్లలో ముప్పై ఒక్క ఏళ్లు సోషల్ టీచరుగా పనిచేసి రిటైరైన నన్ను ఇక్కడ గాజు సామానులా చూసుకుంటున్నారు. వాకిట్లో మంచు పడితే బయటికి వెళ్లకూడదు. మెట్లు దిగితే రెయిలింగ్ పట్టుకోవాలి. "అమ్మా, పడ్డావంటే విజిటర్ ఇన్సూరెన్స్ ఏమీ కవర్ చేయదు" అన్న మాట రోజుకు రెండుసార్లయినా వింటాను. అలాంటి రోజుల్లో మా అల్లుడు కిశోర్ గరాజ్‌లో ఒక మెటల్ డిటెక్టర్ కనిపించింది. రెండేళ్ల కిందట కొని, ఒక్కసారి వాడి, మూల పడేశాడట. ఇన్నేళ్లు పిల్లలకు పాత నాణేల గురించి పాఠాలు చెప్పాను. ఒక్కదాన్నీ మట్టిలోంచి తీసింది లేదు.

మా తెలుగు చర్చి ఆదివారం మధ్యాహ్నాలు ఒక అమెరికన్ చర్చి భవనంలో జరుగుతుంది. అక్కడ కాఫీ దగ్గర మార్గరెట్ అనే పెద్దావిడ పరిచయమైంది. ఎనభై దాటాయి. లపీర్ అనే ఊరు దాటాక ఆమెకు పొలం ఉంది, అందులో ఒకప్పుడు ఒంటిగది బడి ఉండేదట. ఇప్పుడు పునాది రాళ్లే మిగిలాయి. పొలం అమ్మేసింది, వసంతంలో ఇళ్లు కట్టడానికి యంత్రాలు వస్తాయి. నా తిరుగు ప్రయాణం జనవరిలో. ఆమెను అడిగాను. దొరికినవాటిలో మొదటి ఎంపిక తనదని చెప్పి, అనుమతి రాసి సంతకం పెట్టి ఇచ్చింది.

లైబ్రరీలో నాణేలు వెతికేవాళ్ల సమావేశానికి వెళ్లి సలహా అడిగితే, ఒకాయన నవ్వేశాడు. "నేల గడ్డకట్టింది. ఏప్రిల్‌లో రండి" అన్నాడు. ఇంట్లో చెబితే శిరీష ఒకటే మాట: "వద్దు." ఆ రాత్రే నిర్ణయించుకున్నాను, ఈ వారమే వెళ్లాలని.

తోడు సుజాతగారు. హనుమకొండ నుంచి కొడుకు దగ్గరికి వచ్చారు. వ్యవసాయ శాఖలో పనిచేసి రిటైరయ్యారు. ఫోన్‌లో విషయం చెప్పగానే, "నేల సంగతి నాకు చెప్తున్నడా ఆయన? ఎన్ని గంటలకు పోదాం, చెప్పు మేడం" అన్నారు.

మంగళవారం పొద్దున తొమ్మిదింటికి యాప్‌లో కారు బుక్ చేశాను. ట్రాయ్ నుంచి పొలానికి యాభై నిమిషాలు, అరవై రెండు డాలర్లు. డ్రైవర్ బంగ్లాదేశ్ మనిషి, మాతో హిందీలో మాట్లాడాడు. "అమ్మా, అక్కడి నుంచి తిరిగి రావడానికి కారు దొరకదు" అన్నాడు. అది నేను ఆలోచించలేదు. మా ఇద్దరి ముఖాలు చూసి, తను ఆ దగ్గరి ఊళ్లోనే ఉండి సవారీలు చూసుకుంటానని, రెండింటికి బుక్ చేస్తే వస్తానని చెప్పాడు. కారు ఊరు దాటాక శిరీషకు మెసేజ్ పెట్టాను: పొలానికి వెళ్తున్నాను, సుజాతగారు ఉన్నారు, నాలుగింటికల్లా వస్తాను. తర్వాత ఫోన్ సైలెంట్‌లో పెట్టేశాను.

దిగేసరికి మైనస్ ఆరు డిగ్రీలు. గాలి కళ్లల్లో నీళ్లు తెప్పించింది. నేను మూడు స్వెటర్లు, కిశోర్ పాత జాకెట్, చీర కింద ఉన్ని లెగ్గింగ్స్ వేసుకున్నాను. పొలం మధ్యలో డిటెక్టర్ మోగిన చోట పార దించితే టంగుమని వెనక్కి వచ్చింది, సిమెంటు మీద కొట్టినట్టు. లైబ్రరీ పెద్దమనిషి నవ్వు గుర్తొచ్చి ఒళ్లు మండింది. ఇంకో రెండు చోట్ల ప్రయత్నించాను. అదే మోత.

సుజాతగారు నన్ను ఆపి, పునాది రాళ్ల దక్షిణం వైపు ఓక్ చెట్ల కిందికి నడిచారు. అక్కడ ఆకులు జానెడు మందం పడి ఉన్నాయి. చేత్తో పక్కకు తోసి, వేలు మట్టిలోకి గుచ్చారు. వేలు దిగింది.

"చూసినవా? ఆకులు దుప్పటి లెక్క కప్పుకున్నయ్. కింద నేల ఇంక గడ్డ కట్టలే. ఇక్కడ కొట్టు మిషిన్."

అక్కడే మొదలుపెట్టాం. మొదటి గంటలో వంకర మేకులు, పెన్సిల్ చివర రబ్బరు బిగించే చిన్న రేకు గొట్టం, తుపాకీ తూటా తొడుగు. ప్రతి గుంటా తిరిగి పూడ్చి, ఆకులు కప్పి ముందుకు జరిగాం. పన్నెండు దాటాక సన్నగా, శుభ్రంగా ఒక మోత వచ్చింది. నాలుగంగుళాల లోతులో నల్లటి బిళ్ల. నీళ్లు చల్లి తుడిస్తే ఈకల కిరీటం పెట్టుకున్న తల. ఏడాదిలో మొదటి రెండంకెలే మిగిలాయి, ఒకటీ ఎనిమిదీ.

"దీన్ని ఇండియన్ హెడ్ పెన్నీ అంటారండీ, పాతకాలపు ఒక సెంటు రాగి నాణెం" అన్నాను.

"మన ఇండియనా?"

"కాదు, ఇక్కడి ఆదివాసులు. వాళ్లనూ ఇండియన్లనే అనేవాళ్లు."

"అయితే ఏంది? తీసింది మన ఇండియన్లే గదా!"

ఆ నవ్వులో ఉండగానే రోడ్డు మీద ఒక ట్రక్కు ఆగింది. అరవై ఏళ్ల మనిషి దిగి మా దాకా వచ్చాడు. దారి తప్పారా అని అడిగాడు. లేదన్నాను. ఇది ప్రైవేటు స్థలం, తవ్వడానికి వీల్లేదు, వెళ్లిపొమ్మన్నాడు. వీసా మీద వచ్చిన మనిషిని, ఎవరైనా పోలీసుల్ని పిలిస్తే ఏమవుతుందో తెలియదు. సుజాతగారు మెల్లగా, "పోదామా మేడం?" అన్నారు. నేను గ్లౌజు తీసి, లోపలి జేబులోంచి కాగితం తీసి అతనికి ఇచ్చాను. పైనుంచి కిందికి చదివాడు.

"ఇందులో ఉన్న రత్నకుమారి ఎవరు?"

"నేనే. ఆ సంతకం మార్గరెట్‌ది. ఆమె నంబరు కింద ఉంది, ఫోన్ చేయండి. అయ్యేదాకా మా పని మేం చేసుకుంటాం."

నా ఇంగ్లీషు బాపట్ల ఇంగ్లీషే. గొంతు మాత్రం నలభై మంది పిల్లల్ని కూర్చోబెట్టిన గొంతు. అతను ఫోన్ చేశాడు. ఆమె ఏమన్నదో తెలియదు కానీ, కాగితం మడిచి రెండు చేతులతో తిరిగి ఇచ్చాడు. ఆ బడిలో తన నాన్న చదివాడని, ఈమధ్య ఎవరెవరో వచ్చి తవ్వి గుంటలు వదిలేసి పోతున్నారని చెప్పాడు. మేం పూడ్చిన చోటు చూపించాను. వంగి చూసి, తలూపి వెళ్లాడు.

ఒంటిగంటన్నరకు పునాది రాయి పక్కన రెండోది దొరికింది. పల్చటి వెండి డైమ్, అంటే పది సెంట్ల నాణెం, దాని మీద కూర్చున్న స్త్రీ బొమ్మ. మట్టిలోనే మెరిసింది. సంతోషంలో లేచి రాయి మీద కాలు పెట్టాను. దాని మీద మంచు పొర ఉంది. కాళ్లు రెండూ గాల్లోకి లేచి తుంటి మీద పడ్డాను.

"అయ్యో! కదలకు మేడం, కదలకు!"

కదిలాను. అన్నీ కదిలాయి. ఈ సంగతి శిరీషకు ఇప్పటిదాకా చెప్పలేదు. శిరీషా, ఇది చదువుతున్నావు కదా, పడ్డాను. లేచి నిలబడ్డాను కూడా.

డ్రైవర్ మాట తప్పకుండా వచ్చాడు. హీటర్ పెంచి, తన ఫ్లాస్కులోని టీ మాకు పోశాడు. దారిలోనే మార్గరెట్ ఇంటి దగ్గర ఆగి నాణేలు రెండూ ఆమె అరచేతిలో పెట్టాను. ఆమె వెండిది తీసుకుంది. నా మనసు చివుక్కుమంది, దాచడమెందుకు. ఒప్పందం ఒప్పందమే. రాగిది మాకు మిగిలింది. సుజాతగారు, "నీ దగ్గరనే ఉంచు. మా ఇంట్ల పెడితే కోడలు చెత్త అనుకొని పారేస్తది" అన్నారు.

సాయంత్రం శిరీష ముఖం ఎర్రబడి ఉంది. "చెప్పకుండా వెళ్లిపోతావా అమ్మా?"

"ముందే చెప్పాను. నువ్వు వద్దన్నావు, అంతే."

కిశోర్ నాణేన్ని దీపం కింద తిప్పి చూస్తూ, "అత్తయ్యగారూ, డిటెక్టర్ ఏ సెట్టింగ్‌లో పెట్టారు?" అని అడిగాడు. శిరీష అతని వంక కోపంగా చూసి, నాణెం లాక్కుని తనూ చూసింది.

ఆ పెన్నీకి మార్కెట్లో రెండు మూడు డాలర్లు వస్తాయట, కారు ఖర్చుకు ఏ మూలకూ చాలదు. నాకు లెక్కలు వద్దు. మనం ఈ దేశానికి వచ్చాక మన ఒంటి గురించి, మన భయాల గురించి నిర్ణయాలన్నీ ప్రేమతోనే ఇంకొకరు తీసుకుంటారు. ఆ ప్రేమను నేను కాదనను. కానీ నా కాళ్లు ఎక్కడిదాకా మోస్తాయో తెలుసుకోవలసింది నేను. ఆ రోజు తెలుసుకున్నాను, తుంటి నొప్పి వారం రోజులున్నా సరే.

వెళ్లాలనుకునేవాళ్లకు ఒక్కటే సూచన. స్థలం యజమానిని ముందుగా కలిసి రాతపూర్వకంగా అనుమతి తీసుకోండి. "మీకెందుకు శ్రమ, నా పేరుతో రాయిస్తాను" అని పిల్లలు అంటారు. ఒప్పుకోకండి. కాగితం మీద మీ పేరే ఉండాలి.