వదిన కూతురి అప్లికేషన్

నా సీటు పోగొట్టింది మా వదిన, అంటే మా ఆయన అక్క. మా పాపకి ఏడాది నిండని రోజుల్లో నాకు ఆక్లాండ్‌లో టీచర్ ట్రైనింగ్‌కి సీటొచ్చింది. "పాలు మరవని పిల్లని డేకేర్‌లో పడేసి నీ పెళ్ళానికి చదువేంట్రా, నలుగురూ నవ్వరూ?" అని తమ్ముడికి ఫోన్ చేసింది. ఆయన మొహం మాడ్చుకుని తిరిగాడు. సీటు వదులుకున్నాను. ఆ మాట మాత్రం మర్చిపోలేదు.

ఈ ఏడాది వాళ్ళమ్మాయికి స్కూల్లో ఆఖరి సంవత్సరం. ఇక్కడ ఏప్రిల్లో ఆకులు రాలడం మొదలవగానే ఇళ్ళల్లో యూనివర్సిటీ కబుర్లు మొదలవుతాయి. ఒక ఆదివారం వదిన హెండర్సన్ నుంచి న్యూ లిన్‌లో మా ఫ్లాట్‌కి గోంగూర పచ్చడి సీసా పట్టుకుని వచ్చింది. సీసా చూడగానే నాతో ఏదో పని పడిందని అర్థమైంది.

"పిల్ల తన గురించి వ్యాసమేదో రాసి పంపాలిట. నువ్వు ఎమ్మే ఇంగ్లీషు కదా, ఎలాగూ ఇంట్లోనే ఉంటావు, రాసిపెట్టు. మెడిసిన్‌కి వెళ్ళే దారిలో పడితే చాలు. సీటొచ్చేదాకా ఎవరితోనూ అనకు తల్లీ, దిష్టి తగులుతుంది."

ఎలాగూ ఇంట్లోనే ఉంటానట! తల ఊపాను. ఆ వ్యాసాన్ని ఎన్ని రకాలుగా పాడుచెయ్యొచ్చో ఆ వారమంతా గిన్నెలు తోముతూ ఆలోచించాను.

శనివారాలు పిల్ల రైలెక్కి వచ్చేది. వచ్చీ రాగానే మా పాప పక్కన నేలమీద చతికిలబడేది. ఓ రోజు అడిగాను, "డాక్టర్ ఎందుకవ్వాలనుకుంటున్నావో చెప్పు, అదే రాద్దాం."

"అమ్మకి తెలుసత్తా. నాకు తెలీదు."

"మరి నీకేం కావాలే?"

పాప దాని నెత్తిమీద ప్లాస్టిక్ గిన్నె బోర్లించింది. గిన్నె నెత్తిన ఉండగానే పిల్ల జవాబిచ్చింది. "డేకేర్ టీచర్. అమ్మ వింటే చచ్చిపోతుంది. లిటరల్లీ."

ఇంకేం కావాలి నాకు! పాడుచెయ్యక్కర్లేదు. డేకేర్ టీచర్ కోర్సుకి బాగా రాయిస్తే చాలు!

వదిన దిష్టి భయం మాకు కలిసొచ్చింది. ఆవిడ ఫోన్లో అప్లికేషన్ పేరెత్తేది కాదు. గుడిలో ఎవరైనా అడిగితే "ఇంకా ఏం అనుకోలేదండీ" అనేది. నన్నైనా, "అదెలా ఉంది?" అని గుసగుసగా అడగడమే. "అది బ్రహ్మాండంగా ఉంది వదినా" అనేదాన్ని. నేను ఒక్క వాక్యం కూడా రాయలేదు. పిల్లచేతే రాయించాను, కొట్టేయించాను, మళ్ళీ రాయించాను. బూట్లు తనే వేసుకుంటానని పాప మొండికేస్తే, చెయ్యి వెయ్యకుండా పక్కన కూర్చున్న సంగతి రాసింది. అంత బాగా నేను రాయలేను.

సీటొచ్చాక వదిన అందరినీ భోజనానికి పిలుస్తుంది. ఆ నలుగురి ముందూ, చేతిలో ప్లేటు ఉండగా, ఏ సీటో ఆవిడకి తెలియాలి. నాకు కావలసింది అదీ. మా ఆయనకి తెలిస్తే ఏమవుతుందోనని ఆయన ముందు ఆ ఊసే ఎత్తేదాన్ని కాదు. అయినా ఆ ప్లేటు మాత్రం కళ్ళముందు నుంచి కదిలేది కాదు.

అప్లికేషన్లు తీసుకోవడం మొదలయ్యాక ఒక శనివారం లాప్‌టాప్‌లో అన్నీ నింపి, పిల్ల ఆగిపోయింది. "అమ్మకి చెప్పేసి పంపుతా."

"సీటొచ్చాక చెప్పొచ్చుగా!"

"దొంగతనంగా వద్దత్తా."

ఇన్నాళ్ళూ వండుకున్న నా విందు నేలపాలైంది. పిల్ల అక్కడే ఫోన్ చేసి చెప్పేసింది. అవతలి నుంచి వదిన అంది, "ఫోను మీ అత్తకియ్యి."

"చదువుకున్నదానివని నమ్మి పంపితే నా పిల్లని ఆయాని చేస్తావా?" వదిన గొంతు గదంతా వినిపిస్తోంది. పిల్ల కళ్ళు నిండాయి. కీబోర్డు మీంచి చెయ్యి తీసేసింది. ఇంకో రెండు మాటలు చెవిన పడితే లాప్‌టాప్ మూసేసేదే.

ఫోను పట్టుకుని బాల్కనీలోకి వెళ్ళి అద్దం తలుపు వేసేశాను.

"అవును వదినా."

"మా వంశంలో ఎవరైనా..."

"లేరు వదినా."

ఆవిడ మళ్ళీ పిల్లకి ఫోనియ్యమంటుందేమోనని, గొంతు తగ్గినప్పుడల్లా ఒక పుల్ల వేశాను. "మీ తమ్ముడికి కూడా చెప్పలేదు వదినా." మళ్ళీ భగ్గుమంది. అద్దం అవతల పిల్ల ముక్కు తుడుచుకుని, పాపని ఒళ్ళో కూర్చోబెట్టుకుని, మళ్ళీ కుర్చీ ముందుకి లాక్కుని కీబోర్డు మీద చెయ్యి వేసింది.

"వింటున్నావా?" అంది వదిన.

"వింటున్నాను వదినా. తిట్టండి, ఇంకా తిట్టండి."